స్టాంపులు ఆరేసిన గుడ్డ

పెద్ద సూట్‌కేసు అడుగున దుప్పటి మడిచి పరిచి, దానిమీద కామేశ్వరి రెండు ఆల్బములు పక్కపక్కన పెట్టింది. ఖాళీల్లో విశ్వనాథం మేజోళ్ళు కుక్కింది. జిప్పు లాగాక ఆయన కాటా కొక్కేన్ని పెట్టె పిడికి తగిలించి రెండు చేతులతో పైకెత్తాడు. మెడ నరాలు ఉబ్బాయి. అంకె చూసి, పెట్టెను నేలమీద దించి, కాసేపు దానివైపే చూస్తూ నిలబడ్డాడు.

“బట్టలు పెట్టకుండానే ఇంత ఉందేమిటి?”

“మీరు తెప్పించిన నల్ల పేజీల బరువండీ అది. స్టాంపులకేం బరువుంటుంది?”

గోడకు ఆనించి ఇంకా మూడు ఆల్బములు ఉన్నాయి. సౌదీలో ఉద్యోగం ముగిసి విశ్వనాథానికి ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టేశారు. శుక్రవారం దమ్మాం నుంచి చెన్నైకి విమానం, అక్కడినుంచి తిరుపతి. జుబైల్ ఫ్లాటు అప్పటికే ఖాళీ అయిపోయింది. సోఫాలు కింద వాటాలోని మలయాళీలు పట్టుకెళ్ళారు. పాత చీరలు, పంచెలు, తువ్వాళ్ళు, కర్టెన్లు, ఆఖరికి సూదీ దారాల డబ్బాతో సహా మూటకట్టి మెట్లు తుడిచే బంగ్లాదేశీ మనిషికి ఇచ్చేసింది కామేశ్వరి. మిగిలినవి రెండు పరుపులు, ఒక భోజనాల బల్ల, బల్ల నిండా స్టాంపులు.

అన్నీ ప్లాంటులో పనికి వచ్చిన వాళ్ళ కవర్ల మీదివి. కొరియా వెల్డర్లు, ఫిలిప్పీన్స్ ఫిట్టర్లు, ఇటలీ ఇంజనీర్లు, సూడాన్ అకౌంటెంటు. వాళ్ళు చదివి పారేసిన కవర్లను విశ్వనాథం అడిగి ఇంటికి తెచ్చేవాడు. వాటిని నీళ్ళలో నానబెట్టి, కాగితం నుంచి స్టాంపును జారదీసి, బోర్లా ఆరబెట్టి, లావుపాటి పుస్తకాల కింద అణిచిపెట్టడం కామేశ్వరి పని. ఏ స్టాంపు ఏ పేజీలో ఏ వరసలో ఉండాలో చెప్పడం ఆయన పని. ఇంగ్లీషు అక్షరాలు ఆవిడ ఈ బల్ల దగ్గరే కూడబలుక్కుని నేర్చుకుంది. హెల్వేషియా అంటే స్విట్జర్లాండనీ, మాగ్యార్ అంటే హంగరీ అనీ ఆవిడకు తెలుసు. ఇంటికొచ్చిన వాళ్ళకు చూపించేటప్పుడు ఆయన “నా కలెక్షన్” అంటాడు.

“జేబుల పేజీలు అట్టపెట్టెలో విప్పకుండా అలాగే ఉన్నాయి,” అంది కామేశ్వరి. “వాటిలోకి మార్చేస్తే సగం బరువు తగ్గుతుంది.”

“ప్లాస్టిక్ జేబులు ఎండకి చెమట పోస్తాయి కామూ. జిగురు పట్టి స్టాంపు అంటుకుపోతుంది. తిరుపతి ఎండేమైనా తక్కువా?” నల్ల పేజీ ఒకటి తీసి కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు. “ఇదీ, అదీ పక్కన పెట్టి చూడు. నలుపు మీద స్టాంపు మెడలో నగలా ఉంటుంది.”

ఆవిడ చూసింది. నిజంగానే నగలా ఉంది.

“అయితే ఆ డబ్బా సంగతి తేల్చండి.”

డబ్బా అంటే డెన్మార్క్ బిస్కట్ల రేకుడబ్బా. మూతమీద ఆయన ‘తరవాత’ అని రాసిపెట్టాడు. కవరు ముక్కలకు అతుక్కుని ఉన్న స్టాంపులు అందులో కిక్కిరిసి ఉన్నాయి. సోవియట్ యూనియన్, యుగోస్లావియా, చెకొస్లొవేకియా, తూర్పు జర్మనీ. ఆ దేశాలు ఇప్పుడు లేవు కాబట్టి వాటిని ఏ అక్షరం కింద పెట్టాలో ఇన్నేళ్ళూ ఆయనకు తేలలేదు.

“అన్నిటికీ కలిపి చివర ఒక పేజీ చేద్దాం,” అన్నాడు చివరికి. “నువ్వు రేపు నానబెట్టేయి. కవరు ముక్కలు పోతే డబ్బా కూడా పోతుంది.”

అప్పుడు తలుపు గంట మోగింది.

రహమత్బీ. ఎదురు విల్లాలో హఫ్సా మేడం ఇంట్లో వంటా, ఇంటిపనీ ఆమెదే. రాయచోటి మనిషి. కామేశ్వరి కంటే చిన్నది, పొట్టిగా ఉంటుంది. చెత్త వేయడానికి వచ్చినప్పుడో, పిల్లల్ని పార్కుకు తీసుకొచ్చినప్పుడో పలకరింపుగా మొదలైన స్నేహం. గుమ్మంలో గోడకు చెయ్యి ఆనించి నిలబడింది.

“లిఫ్టు పని చేయల్యా అమ్మా. నాలుగు మెట్లెక్కితే చాలు, ఈ గుండె డప్పు కొడతాది,” అని నవ్వింది. నల్ల అబాయా లోపలినుంచి ఒక పొట్లం తీసింది. తెల్లటి గుడ్డసంచి. మూతి దగ్గర దగ్గరగా చేతికుట్టు వేసి ఉంది. “ఇదేనమ్మా నేను చెప్పింది. మా అమ్మకు. బరువేం ల్యా, చూడండి.”

“ఏముంది రహమత్ ఇందులో?” బల్ల దగ్గరినుంచి తల ఎత్తకుండానే అడిగాడు విశ్వనాథం.

“గుడ్డ సార్. తెల్లగుడ్డ. నాలుగు ఖర్జూరాలు.” ఇంకేదో చెప్పబోయింది. చూపు నేలమీద ఉన్న సూట్‌కేసు వైపు వెళ్ళింది. “శుభమా అని ఇంటికి పోతాండారు,” అని మాట మార్చేసింది. “విప్పకుండా అట్లనే ఇచ్చేయండమ్మా. మా తమ్ముడు జానీ తిరుపతికొచ్చి తీసుకపోతాడు.”

“విప్పనులే. నా చేత్తో నేనే ఇస్తాను మీ తమ్ముడికి. నువ్వెప్పుడు వస్తావు ఊరికి?”

“మేడం పంపిస్తే వస్తా. బక్రీదు అయినాక చూద్దాములే అంటాంది.”

అలా అన్నవాళ్ళందరినీ కామేశ్వరి లోలోపల లెక్కపెట్టుకుంటుంది, వచ్చారా లేదా అని. రహమత్బీ చెయ్యి పట్టుకుని వదిలింది. తలుపు మూసి వెనక్కి తిరిగేసరికి విశ్వనాథం కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని పొట్లం వైపే చూస్తున్నాడు.

“విప్పి చూడు.”

“వద్దంది కదండీ.”

“వద్దన్నదే చూడాలి. దమ్మాంలో ఆపి అడిగితే మన పెట్టెలో ఉన్నది మనదే. పచ్చడి సీసా అని నమ్మి తీసుకెళ్ళినవాడికి ఏమైందో ప్లాంటులో అందరికీ తెలుసు. ఇన్నేళ్ళు ఒక్క మాట పడకుండా పని చేశాను. వెళ్ళేరోజున నాకెందుకిది?”

కామేశ్వరికీ భయం వేసింది. ఆ భయంతోనే చిన్న కత్తెర తెచ్చి, కుట్టు ఒక్కొక్కటే తెంపింది. లోపల ఖర్జూరాల ప్యాకెట్టు. దాని కింద పొడుగ్గా మడిచిన తెల్లటి నూలుగుడ్డ. ఆయన గుడ్డను ఎత్తి దులిపాడు. మడతల్లో వేళ్ళు పెట్టి తడిమాడు. సన్నగా అత్తరు వాసన వచ్చింది. ఇంకేమీ లేదు.

“గుడ్డే,” అన్నాడు, కాస్త నిరాశపడినట్టు.

దొంగసొమ్ము కోసం వెతికినట్టు వెతికాం కదా అనిపించి ఆవిడ ముఖం వేడెక్కింది. ముందు ఎలా ఉందో అలాగే మడిచి సంచిలో పెట్టింది. మూతి కుడదామంటే ఇంట్లో సూది లేదు.

*

మర్నాడు ఉదయం వెడల్పు బేసినులో గోరువెచ్చటి నీళ్ళు పోసి, డబ్బా బోర్లించింది. కవరు ముక్కలు కాసేపు తేలి, నీళ్ళు పీల్చుకుని, ఒక్కొక్కటే మునిగాయి. తొందరపడి లాగితే పలచబడి చిరుగుతుంది. కాగితమే స్టాంపును వదలాలి. ఆవిడ వేలి కొసతో మెల్లగా తోసి చూస్తూ కూర్చుంది.

బల్లకు అవతల విశ్వనాథం రెండు స్టాంపులను చిన్న నల్లటి పళ్ళెంలో పెట్టి, పెట్రోలు లాంటిదేదో నాలుగు చుక్కలు వేసి, భూతద్దంతో వంగి చూస్తున్నాడు.

“ఇలా రా. చూడు. ఒకటే బొమ్మ, ఒకటే రంగు, ఒకటే వెల. తేడా ఏముంది?”

“ఏం లేదు.”

“ఉంది. దీని కాగితంలో నీటిగుర్తు ఉంది, దానికి లేదు. పైకి కనబడదు. తడిపితేనే తెలుస్తుంది. ఇది వేరు, అది వేరు. రెంటికీ రెండు చోట్లు ఉంచాలి.” ఆ ఒక్క ఖాళీకోసం పేజీ మొత్తం విప్పి మళ్ళీ వరసలు సర్దుకున్నాడు.

బేసినులో స్టాంపులు కాగితాలను వదలసాగాయి. కామేశ్వరి వాటిని పట్టకారుతో తీసి వేరే నీళ్ళలో కడిగింది. ఆరబెట్టడానికి చూస్తే అద్దుడు కాగితాలు అయిపోయాయి. టిష్యూ పరిస్తే దాని నూగు తడి జిగురుకు పట్టుకుంటుంది. వార్తాపత్రిక సిరా దిగుతుంది.

“తెల్లటి నూలుగుడ్డ కావాలండీ.”

“పంచెలన్నీ ఇచ్చేశావుగా.”

“బరువు బరువు అని మీరేగా ప్రాణం తీశారు.”

పట్టకారు చివర తూర్పు జర్మనీ స్టాంపు ఒకటి చుట్టచుట్టుకోబోతోంది. ఆవిడ చూపు కిటికీ గట్టుమీదున్న సంచిమీద పడింది. మూతి తెరుచుకునే ఉంది.

“బజారులో ఏ కొట్లోనైనా దొరికే గుడ్డే ఇది,” అంది. ఆ మాట ఆయన అనలేదు, ఆవిడే అంది. “ఒక ముక్క తీసుకుందాం. సాయంత్రం బలద్ బజారుకి వెళ్ళినప్పుడు అంతకంత కొనేసి పెట్టేద్దాం.”

“నీ ఇష్టం,” అన్నాడు ఆయన భూతద్దంలోంచి.

అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో లాగింది. నూలుగుడ్డ తిన్నగా, పెద్ద చప్పుడుతో చిరిగింది. పడకగదిలో నేలమీద పరిచి, స్టాంపులన్నీ బోర్లా వరసలుగా పేర్చింది. గుడ్డ నీళ్ళు బాగా పీల్చింది. మంచి గుడ్డ అనుకుంది.

మధ్యాహ్నం వెళ్ళి చూసేసరికి ఒక మూల గులాబీరంగు పాకింది. యుగోస్లావియా ఇంజనీరు కొత్త సంవత్సరం కార్డు పంపిన ఎర్రకవరు రంగు అది. రంగు కవర్లను విడిగా నానబెట్టాలని ఆవిడకు తెలుసు. తొందరలో అన్నీ కలిపేసింది. ఒక్కొక్క స్టాంపూ ఎత్తుతుంటే దాని కింద దాని అంచు పళ్ళతో సహా లేత గులాబీ చతురస్రం మిగిలింది. స్టాంపులకేమీ కాలేదు. విశ్వనాథం వచ్చి చూసి, “అమ్మయ్య” అన్నాడు.

*

సాయంత్రం వాళ్ళు బలద్‌కి బయలుదేరబోతుండగా రహమత్బీ మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో ఫోను వెలుగుతోంది.

“అమ్మ మీతో ఒక మాట మాట్లాడాలంట. నిలవనీయకుండా ఉంది, ఏమనుకోగాకండి.”

కామేశ్వరి పడకగది తలుపు దగ్గరికి వేసి వచ్చి ఫోను అందుకుంది. తెరమీద ముందు పైకప్పు కనిపించింది, తర్వాత ఒక చెవి, తర్వాత రహమత్బీ తల్లి జైతూన్ బీ ముఖం. ముడతల మధ్య కళ్ళు తెల్లబడి ఉన్నాయి. ఎవరో పక్కనుంచి ఫోను సరిచేశారు.

“కామేశ్వరమ్మేనా? బాగుండావా తల్లీ?”

“బాగున్నానమ్మా. మీ ఒంట్లో ఎలా ఉంది?”

“నా ఒళ్ళుకేముంది, పోయే ఒళ్ళు. నువ్వెప్పుడు బయలుదేరతావు?”

“ఎల్లుండి శుక్రవారం.”

“నా కఫన్ నీ చేతిమీదుగా వస్తాంది. నీ బిడ్డలు సల్లగుండాల. మక్కా నీళ్ళలో తడిసిన గుడ్డ చుట్టుకోని మట్టిలోకి పోవాలని ఎన్నేండ్ల నుంచో ఆశ తల్లీ. ఇంగ నాకు దిగులు ల్యా.”

“అమ్మా!” అని రహమత్బీ ఫోను లాక్కుంది. ఉర్దూలో గబగబా ఏదో కసిరింది. అవతల ముసలామె నవ్వు వినిపించింది. ఫోను పెట్టేసి రహమత్బీ తల వంచుకుంది.

“తప్పుగా అనుకోగాకండమ్మా. ప్రయాణం పెట్టుకున్న ఇంట్లో ఆ మాట ఎందుకని నేను చెప్పల్యా. మీకు పట్టింపు ఉంటాదని.”

కామేశ్వరి పడకగది తలుపు వైపు చూసింది. “లేదు. పట్టింపేం లేదు.”

“రంజానులో మేడంవాళ్ళు ఉమ్రాకని మక్కా తీసుకపోయినారు కదా, అప్పుడు కొన్నా. అక్కడి జంజం నీళ్ళలో తడిపి, హోటల్ రూములో తాడు కట్టి ఆరేసినా. మేడం కూడా వాళ్ళమ్మకు ఒకటి తడిపింది. ఆరేదాకా ఎవురూ తాకకుండా కింద కూచున్నా. పిల్లోళ్ళు బిస్కట్టు చేతులతో వస్తాంటే తరిమినా.” నవ్వింది. “మీ దాంట్లో కూడా ఉంటాదంట కదా, తాకకుండా ఆరేసేది?”

“ఉంది,” అంది కామేశ్వరి. “మడి.”

తన మడిచీరను దండెం పైకర్రమీద కర్రతో ఆరేసి, ఎవరి నీడా పడకుండా కాచుకున్న మనిషి ఆవిడ. మూసిన తలుపు వెనక, ఏ దేశంలోనో ఎవరెవరో నాలుకతో తడిపి అంటించిన కాగితాల జిగురూ, ఎర్రకవరు రంగూ ఆ గుడ్డమీద ఆరుతున్నాయి. చెప్పాలనుకుంది. నోరు తెరిచింది.

“టీ పెట్టనా?” అంది.

“వద్దమ్మా, రొట్టెలు చేయాల.” వెళుతూ రహమత్బీ సగం మూసిన పెట్టెను ఒకసారి చూసి, తృప్తిగా తల ఊపింది.

*

బలద్ బట్టలకొట్లో విశ్వనాథమే బేరమాడి అలాంటి గుడ్డే కొన్నాడు. ఒక ముక్క కాదు, పూర్తి నిడివి కొన్నాడు. ఇంటికొచ్చాక రెండూ బల్లమీద పక్కపక్కన పరిచాడు.

“ఏది ఏదో చెప్పు చూద్దాం.”

ఆవిడ వంగి చూసింది. నేత ఒకటే, తెలుపు ఒకటే. పాతదానికి అత్తరు వాసన ఉంది, అంతే.

“సంచిలో పెడితే దీనికీ ఆ వాసన పడుతుంది. ముసలావిడ సంతోషపడుతుంది. రహమత్ కూడా సంతోషపడుతుంది. చెబితే ఇద్దరికీ ఏడుపు తప్ప ఏం లాభం?” కొత్త గుడ్డను మడత పెట్టసాగాడు. “గుడ్డ గుడ్డే కామూ.”

“పొద్దున్న రెండు స్టాంపులు చూపించి తేడా చెప్పమన్నారు.”

“అయితే?”

“నాకు తెలియలేదు. తడిపితేనే తెలుస్తుందన్నారు. ఇది వేరు, అది వేరు అని పేజీ అంతా విప్పి చోటు చేశారు. కాగితానికి చేశారు.”

ఆయన చేతులు మడత మధ్యలో ఆగిపోయాయి. కళ్ళజోడు తీసి పంచెకొంగు కోసం తడుముకుని, పంచె లేదు కాబట్టి చొక్కాతో తుడుచుకున్నాడు. 

“నేను చింపమన్నానా?” అన్నాడు మెల్లగా.

“మీరు అనలేదు. నేనే చింపాను.”

ఆయన బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎండిన స్టాంపులను ఒక్కొక్కటే నల్ల పేజీలోకి దూర్చడం మొదలుపెట్టాడు. చేతులకు ఒక పని కావాలి కాబట్టి చేస్తున్నట్టుంది. ఆవిడ గులాబీ మరకల ముక్కను సబ్బు పెట్టి ఉతుకుదామని కుళాయి దాకా తీసుకెళ్ళింది. మళ్ళీ ఏ నీళ్ళు పోస్తున్నానో అనిపించి, కుళాయి తిప్పకుండా వెనక్కి తెచ్చింది.

*

గురువారం హఫ్సా మేడం పిల్లల కోసం స్కూలుకు వెళ్ళే వేళ చూసుకుని కామేశ్వరి ఎదురు విల్లాకు నడిచింది. చేతిసంచిలో చిరిగిన గుడ్డ, చింపిన ముక్క, కొత్త గుడ్డ. రోడ్డు వెడల్పు పాతిక అడుగులైనా ఉండదు. ఎండకు కళ్ళు చికిలించుకుని అవతలి గట్టుదాకా వెళ్ళి, ఒకసారి వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళింది.

వంటింటి తలుపు తీసే ఉంది. రహమత్బీ కిందపీట మీద కూర్చుని ద్రాక్షాకుల్లో అన్నం పెట్టి వేలెడంత చుట్టలు చుడుతోంది. కుండలో అవి వరసగా, ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చున్నాయి.

“రండమ్మా! మీరు ఈ ఇంటికి రావడం ఇదే మొదలు, ఇదే కడ. కూచోండి.”

కామేశ్వరి కూర్చోలేదు. సంచిలోంచి గుడ్డలు తీసి చేతులమీద పెట్టుకుని నిలబడింది. చెప్పవలసిన మాటలు మెట్లు దిగేటప్పుడు వరసగా పేర్చుకుంది. ఇప్పుడు ఒక్కటీ లేదు.

“విప్పను అన్నాను. విప్పాను,” అంది. “నువ్వు వెళ్ళగానే. అనుమానంతో. తర్వాత... స్టాంపులు ఆరబెట్టడానికి ముక్క చింపాను. ఏ గుడ్డో నాకు తెలియదు. తెలియకపోతే మాత్రం, నీది కదా.”

రహమత్బీ లేచి, కుళాయి దగ్గర చేతులు మోచేతులదాకా కడుక్కుంది. తుడుచుకుంది. అప్పుడు గుడ్డ అందుకుంది. చిరిగిన అంచుమీద వేలు నడిపింది. చింపిన ముక్కను వెలుతురుకు పట్టి గులాబీ గుర్తులను చూసింది. చాలాసేపు చూసింది. కామేశ్వరి ఆమె ముఖం చూడలేక కుండలోని ఆకుచుట్టలను చూస్తోంది.

“మా అమ్మకు చూపు ల్యా,” అంది రహమత్బీ. “అయినా చేత్తో తడిమి చూస్తాది, కొస నుంచి కొస దాకా. చిరుగు చేతికి తగులుతాది. పక్కింటామెను పిలిచి మరకుందేమో చూడమంటాది.”

“అందుకే కొత్తది తెచ్చాను. కానీ దీనికి ఆ నీళ్ళు లేవు. నువ్వు చెప్పినట్టు చేస్తాను. ఏం చేయమన్నా చేస్తాను రహమత్.”

రహమత్బీ వంటింటి పక్కనున్న చిన్న గదిలోకి వెళ్ళింది. మంచం కింద సంచి ఈడ్చిన చప్పుడయింది. ఆయాసపడుతూ తిరిగొచ్చింది. చేతిలో ఇంకో పొట్లం. అలాంటిదే. మూతి దగ్గర అదే దగ్గర కుట్టు.

“ఇది తీసుకపోండి.”

“ఇదెవరిది?”

“రెండు తడిపినాలే.”

“ఎవరికి తడిపావు రెండోది?”

రహమత్బీ చిరిగిన గుడ్డను మోకాలిమీద పెట్టుకుని మడతలు సరిచేసింది. “ఎవురికేముంది. నాకే.”

కామేశ్వరి చేతులు వెనక్కి తీసుకుంది. “వద్దు. నేను తీసుకోను.”

“నాకు తొందరేముందమ్మా? అమ్మకుండాది తొందర. వచ్చే రంజానుకు మేడం మళ్ళా పోతాది, అప్పుడు నాకు ఇంగోటి తడుపుకుంటా.” పొట్లం కామేశ్వరి సంచిలో తనే పెట్టింది. “అందాకా ఇది ఉంటాది. నేను పొట్టిదాన్ని. నాకిది సరిపోతాది. ఎట్లాగూ ముక్కలు చేసే చుడతారు.” చింపిన ముక్కను మళ్ళీ చూసింది. ఒక గుర్తుమీద గోరు పెట్టింది. “ఇన్ని దేశాల ముద్దరలు పడినాయి. పైన ఏ ఊరి నుంచి వచ్చినావని అడిగితే ఏం చెప్పాలో ఏమో!”

తనే నవ్వింది. కామేశ్వరి నవ్వలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిడుతుందనే కదా ధైర్యం చేసి వచ్చింది.

“అమ్మతో మాత్రం ఈ మాట అనగాకండి. సార్‌ను కూడా ఏమనగాకండి.” కొత్త గుడ్డను తీసి వెనక్కి ఇచ్చింది. “ఇది మీరే ఉంచుకోండి. సార్ స్టాంపులు ఆరేసుకోడానికి.”

ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపేమో అని కామేశ్వరి ఆమె కళ్ళలోకి చూసింది. కాదు. రహమత్బీ అప్పటికే పీటమీద కూర్చుని ఇంకో ఆకు చేతిలోకి తీసుకుంది.

*

శుక్రవారం పొద్దున్న పెట్టెలు మళ్ళీ తూచారు. ఇంకా బరువు ఎక్కువే ఉంది. విశ్వనాథం రెండు ఆల్బములు విప్పి, స్టాంపులను తీసి జేబుల పేజీల్లోకి మార్చాడు. నల్ల పేజీలను కింద వాటా గుమ్మం దగ్గర పెట్టి వచ్చాడు. లేని దేశాల పేజీ ఒక్కదాన్ని మాత్రం అలాగే ఉంచుకున్నాడు. పొట్లాన్ని కామేశ్వరి పెట్టెలో పెట్టలేదు. విమానంలో ఒళ్ళో పెట్టుకుంది. దమ్మాంలో ఎక్కేముందు పోలీసు ఆపి అదేమిటని అడిగాడు. కఫన్ అంది. అతను విప్పమనలేదు. రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

తిరుపతి బస్టాండులో జానీ వచ్చి తీసుకెళ్ళాడు. ఆ సాయంత్రమే జైతూన్ బీ ఫోను చేసింది. కొస నుంచి కొస దాకా తడిమి చూశానంది. నీళ్ళవాసన ఇంకా ఉందంది.

విశ్వనాథం కొత్త ఫ్లాటులో గాజుబీరువా చేయించి ఆల్బములు పెట్టాడు. వచ్చినవాళ్ళకు చూపిస్తుంటాడు. ఇప్పుడు “మా కలెక్షన్” అంటున్నాడు. ఆ నల్ల పేజీ దగ్గరికి వచ్చేసరికి, ఇవన్నీ ఇప్పుడు లేని దేశాలండీ అని మొదలుపెడతాడు. ఎర్రకవరు మీది యుగోస్లావియా స్టాంపు రంగు ఏమాత్రం చెదరకుండా ఉంది. ఆ పేజీ తిరగబోయే ముందే కామేశ్వరి కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోతుంది. బలద్‌లో కొన్న గుడ్డ బీరువా అడుగున ఉంది. దానిమీద ఏదీ ఆరేయలేదు.

జైతూన్ బీ రాయచోటిలో ఉంది. ఆమె గుడ్డ ట్రంకుపెట్టెలో ఉంది.

రహమత్బీ తిరిగి రాలేదు. రెండువేల ఇరవై అయిదు జనవరిలో, రంజానుకు ఇంకా నెల పైన ఉండగా, జుబైల్‌లో పోయింది.